గొయ్యి పూడ్చే ముందు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించో, బీపీ గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉండవచ్చు. నేను మట్టి గురించి మాట్లాడదలచాను. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైననాటి నుంచి మన మల్కాపురానికి చమురుతో సంబంధం ఉంది. 1978లో అది హిందూస్థాన్ పెట్రోలియంలో కలిసినా మనలో కొందరికి ఇంకా కాల్టెక్సే. 1997 సెప్టెంబరు 14 నాటి అగ్నిప్రమాదం మనమెవరం మరచిపోలేదు. మంట అయితే అందరికీ కనిపిస్తుంది. పెట్రోలు బంకుల్లో, లారీ యార్డుల్లో భూమిలో పాతిన ట్యాంకు నుంచి కారిన చమురు ఎవరికీ కనిపించదు. ఈరోజు దాని సంగతే చెబుతాను.

1991లో నేను పనిచేసే యార్డులో పాత డీజిల్ ట్యాంకును తీసివేశారు. లేబరేటరీ బాధ్యత నాది. క్రేను ట్యాంకును పైకెత్తగానే అడుగున రూపాయి బిళ్లంత చిల్లు కనిపించింది. సరిగ్గా డిప్ పైపు కిందనే! రోజూ కొలతకు దింపే రాడ్ కొన ఒకేచోట తగిలి తగిలి, రేకు అరిగి తుప్పు తినేసింది.

నేను గట్టున పోసిన మట్టికుప్పలోంచి అక్కడింత ఇక్కడింత తీసి, కలిపి, ప్లాస్టిక్ సంచిలో వేసుకొని వెళ్లాను. రెండు రోజుల తర్వాత పరీక్షిస్తే చెప్పుకోదగినంత చమురు కనిపించలేదు. “ఫరవాలేదు” అని రాసి సంతకం పెట్టాను. గొయ్యి పూడ్చేశారు.

వానలు పడ్డాక పక్కవీధి నూతిలో నీళ్లమీద రంగురంగుల తెట్టు తేలింది. ఒక ఇల్లాలు బిందెతో సహా మా గేటు దగ్గరకు వచ్చింది. “బాబూ, నీల్లు కిరసనాయిలు కంపు కొడతన్నాయి. పిల్లలకేటి పొయ్యమంటారు?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ నుయ్యి మరి తాగడానికి పనికిరాలేదు.

నా తప్పులేమిటో తరువాత చదివి తెలుసుకున్నాను. మట్టిని తీయవలసింది కుప్పలోంచి కాదు, గొయ్యి అడుగున కదపని నేలలోంచి. ట్యాంకు రెండు చివరల కింద, చమురు పోసే పైపు కింద, పంపు కింద, పైపులైను అతుకుల కింద విడివిడిగా తీయాలి. అన్నీ కలిపితే చెడ్డ మట్టి మంచి మట్టిలో దాక్కుంటుంది. గొయ్యిలో నీరూరితే ఆ నీటినీ పట్టాలి. చమురు నీటికన్నా తేలిక కనుక నీటిమట్టం మీద తేలి పక్కకు పాకుతుంది. మా నూతిలో జరిగిందదే. నమూనాను గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, బిగుతుగా మూతపెట్టి, ఐసుపెట్టెలో వెంటనే లేబరేటరీకి పంపాలి. లేకుంటే ఆవిరయ్యే భాగం దారిలోనే ఎగిరిపోతుంది.

పెట్రోలు ట్యాంకైతే బెంజీను, టోలుయీను, జైలీనులను పరీక్షించాలి. బెంజీను క్యాన్సరు కారకం. డీజిలైతే మొత్తం హైడ్రోకార్బన్లు, నాఫ్తలీను చూడాలి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. అంతకు ముందునాటి ట్యాంకైతే సీసం కూడా చూడాలి.

ఇదంతా మనకెందుకు అంటారా? మనలో చాలామంది గ్రాట్యుటీ సొమ్ముతో స్థలం కొన్నవాళ్లం, పిల్లలకు కొనిపెడుతున్నవాళ్లం. మూతపడిన బంకు స్థలమో, పాత గ్యారేజీయో చవకగా వస్తే దస్తావేజులు పదిసార్లు చూస్తాం. మట్టిని ఒక్కసారి చూడం. “ఇక్కడ ట్యాంకు ఉండేదా? తీసినప్పుడు అడుగు మట్టి పరీక్షించారా? ఆ కాగితం ఏది?” అని అడగండి. కాగితం చూపితే, మట్టి ఎక్కడినుంచి, ఎంత లోతున తీశారో కూడా చదవండి. నా కాగితంలో ఆ వివరమే లేదు.

2025 జూలైలో కేంద్రప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. కలుషితం చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది వాటి సారం. నూతినీళ్లు వాసనవేస్తే ఊరుకోకండి. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

ఇన్నాళ్లకు నా తప్పు మీ ముందు చెప్పుకున్నాను. మీలో ఒక్కరైనా గొయ్యి పూడ్చే ముందు ఆగి చూస్తే నాకదే తృప్తి.