కొండకర్ల ఆవయందు ప్రాణరక్షణ దళము



విద్యార్థి వేతనములను గూర్చియు, సత్రములను గూర్చియు ముచ్చటించుట మన మహాసభలకు పరిపాటి. మేము నేడు నీటిని గూర్చి మాటలాడ సాహసించుచున్నాము. అనకాపల్లికి దక్షిణమున, అచ్యుతాపురము మండలమందలి కొండకర్ల ఆవ మీరందఱు నెఱిగినదే. తామరలను, పక్షులను చూడ వచ్చువారు తాటిమ్రాకులను తొలిచి జంటగా కట్టిన దోనెలమీద అందు విహరింతురు. ఆ యొడ్డున నొక స్వచ్ఛంద రక్షణదళమును మన సంఘము పోషింపవలెనని మా మనవి.

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదలో, కచ్చులూరు చెంత, పాపికొండలకు పోవు 'రాయల్ వశిష్ఠ' యను పడవ మునిగెను. బ్రతికి బయటపడినవారు 26 మంది. వారిని మొదట అందుకొన్నవారు తమ పడవలతో పరుగెత్తి వచ్చిన తీరగ్రామస్థులు. మునిగిన పడవను కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము అక్టోబరు 22వ తేదీన వెలికి తీసినది. ఆ శ్రమ మిక్కిలి శ్లాఘ్యము. కాని ఊపిరి ఆగినవానికి గడువు కొన్ని నిమిషములే గదా! దూరమునుండి వచ్చు ఏ దళమును ఆ గడువులోపల చేరజాలదు.

ఇంగ్లండునందు సర్ విలియం హిల్లరీ ప్రోద్బలమున 1824లో వెలసిన రక్షకనావా సంస్థ నేటికిని ప్రధానముగా దాతల ధనముతోను, జీతము గోరని సేవకులతోను నడచుచున్నది. అది సముద్రమునకే పరిమితము కాక ఐర్లండునందలి ఎర్న్, డెర్గ్ సరస్సులయందును పడవలు నిలిపినది.

మనకు మరపడవ వలదు. తామరతూండ్లు దాని ఱెక్కలకు చుట్టుకొనును. అడుగు వెడల్పైన చిన్న పడవయు, పొడవైన గడయు, ఖాళీ డబ్బా కట్టిన త్రాడును, దోనె ఎక్కు ప్రతివానికిని లైఫు జాకెట్టును చాలును. మొదట గడ చాపవలెను; అందనిచో త్రాడు విసరవలెను; అదియు కానిచో పడవతో పోవలెను. దుముకుట కట్టకడపటి మాట. మునుగువానిని దోనె ప్రక్కనుండి లాగినచో దోనెయే బోర్లపడును, కొననుండి ఎక్కింపవలెను. ఒడ్డు చేర్చిన పిదప కడుపు నొక్కుట, తలక్రిందుగా త్రిప్పుట పూర్వపు అలవాట్లు. వానిని పూర్తిగా మానవలెను. ఊపిరి లేనివానిని వెలికిల పరుండబెట్టి నోట ఊపిరి ఊది, పిమ్మట ఱొమ్ము నొక్కవలెను. ఇది పుస్తకమున చదివిన వచ్చు విద్య కాదు. వైద్యుని యెదుట చేసి నేర్వవలెను. (సంస్కృతమున 'తరణి' యనగా పడవయు, సూర్యుడును. మా శిష్యులు పరీక్షలలో రెంటిని తాఱుమాఱు చేయువారు!)

ఈ దళమునకు నాయకులు మన పట్టణ యువకులు కారాదు. ఆవ లోతుపాతు లెఱిగిన దోనెవాండ్రే తగినవారు. అభ్యాసమునకై వారు పని మానుకొను దినమునకు కూలి మన మీయవలెను. స్వచ్ఛందమను పేర బీదవాని దినభృతిని హరించుట సేవ కానేరదు. మన కులధనము ఇతరులకేల యని కొందఱు పెద్దలు మమ్ముల నడిగిరి. మునుగువానిని గోత్రము అడుగుటకు వ్యవధి యుండునా?

దాత పేరిట ఫలకము వేయింపవలెనని యొక సూచన వచ్చినది. అది పిదప చూతము. త్రాళ్లు చివుకును, జాకెట్లు చినుగును. ఏటేట వానిని పరీక్షించి మార్పవలెను. కావున చందాను ఒక్కసారి కాక వార్షికముగ వ్రాయ ప్రార్థన. పుస్తకము కార్యదర్శిగారి బల్లమీద నున్నది.