పది శాతం వెనుక ఒక ప్రశ్న

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ముందు వరుసలో కూర్చున్న నాయక్, కార్భారి పెద్దలకు నమస్కారం. మేము హాస్టళ్ళు నడిపేవాళ్ళం, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళం. ఏ పార్టీ కండువా మా మెడలో లేదు. ఆ సంగతి ముందే చెప్తున్నాం, ఎందుకంటే ఈరోజు ఒక రాజకీయ నాయకుని పేరు తీయాల్సి వస్తుంది.

ఎంపీ అనగానే మీకు గుర్తొచ్చేది ఏంది? ఫ్లెక్సీ, శిలాఫలకం, పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి పోవడం. మన తండాకు సీసీ రోడ్డు వచ్చిందా, బోరు పడిందా అని అడుగుతాం. అడగాల్సిందే. కానీ ఎంపీకి ఢిల్లీలో వేరే పని ఉంటది. ఆ పని ఫొటోలో కనపడదు.

ఈ మూడు పట్టణాలు రెండు జిల్లాల్లో ఉన్నా లోక్‌సభకు వచ్చేసరికి ఒకటే, నల్లగొండ నియోజకవర్గం. 2019 నుంచి 2023 చివరి దాకా ఇక్కడి ఎంపీ నలమాద ఉత్తమ్ కుమార్ రెడ్డి. ఇప్పుడాయన రాష్ట్ర నీటిపారుదల, పౌరసరఫరాల మంత్రి. 2022 మార్చిలో ఆయన లోక్‌సభలో మన గురించి ఒక ప్రశ్న వేశారు. ఎస్టీ రిజర్వేషన్ పెంచాలని తెలంగాణ నుంచి కేంద్రానికి ప్రతిపాదన వచ్చిందా అని. గిరిజన వ్యవహారాల సహాయ మంత్రి బిశ్వేశ్వర్ టుడు, అలాంటి ప్రతిపాదన రాలేదన్నారు.

ఆ జవాబుతో దుమారం లేచింది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో మన వాటా మొదట 4 శాతం. 1986లో 6 అయింది. తెలంగాణ వచ్చాక చూస్తే, 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో గిరిజనులం 9 శాతం దాటి ఉన్నాం, వాటా మాత్రం ఆ ఆరే. 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఎస్టీలకు 10 శాతం ఇస్తూ బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. అదే బిల్లులో ముస్లిం వెనుకబడిన తరగతుల వాటాను కూడా 4 నుంచి 12కు పెంచారు. బిల్లు అక్కడే ఆగిపోయింది. ఐదేళ్ళ తర్వాత కేంద్ర మంత్రి అసలు ప్రతిపాదనే రాలేదంటే, అప్పటి రాష్ట్ర పాలక పక్షం ఎంపీలు సభను తప్పుదోవ పట్టించారంటూ ఆ మంత్రి మీద హక్కుల తీర్మానం నోటీసు ఇచ్చారు.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ప్రశ్న అడిగింది ఒక పార్టీ, జవాబు చెప్పింది ఇంకో పార్టీ, కోపానికి వచ్చింది మూడో పార్టీ. ఎవరి లెక్క వాళ్ళది. అయితే ఐదేళ్ళు ఫైలులో పడున్న మాట ఆ రోజుతో పార్లమెంటు రికార్డుకు ఎక్కింది. ఇక 'మేం పంపినం' అని ఒకరు, 'మాకు రాలే' అని ఒకరు ఊరికే చెప్పుకునే వీలు లేకుండా పోయింది. అదే ఏడాది సెప్టెంబర్ 17న హైదరాబాద్‌లో బంజారా భవన్ ప్రారంభించిన రోజు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 10 శాతం ప్రకటించారు. నెలాఖరుకు జీవో 33 వచ్చింది. ఒక్క ప్రశ్నతోనే జీవో వచ్చిందని మేం అనం. దాని వెనుక సంఘాల ధర్నాలు ఉన్నాయి, ఎన్నికల లెక్కలూ ఉన్నాయి. అయినా ఆ ప్రశ్నకున్న విలువ దానికుంది.

పది శాతం అంటే ఏమిటో మా హాస్టల్ పిల్లలను అడగండి. 500 పోస్టులు పడితే మనకు 30 ఉండేవి, ఇప్పుడు 50. ఆ అదనపు 20 మందిలో మీరు ఉండొచ్చు. రాష్ట్రంలోని 32 తెగలకూ కలిపి ఇది, లంబాడాలకు ఒక్కరికే కాదు. కోయ పిల్లకు వచ్చినా, ఎరుకల పిల్లవాడికి వచ్చినా అది మన సీటే.

కానీ నిశ్చింతగా ఉండకండి. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. శాసనసభ చేసిన చట్టానికి ఉండే బలం దానికి ఉండదు. ఎస్సీలకు 15, బీసీలకు 29, మనకు 10, మొత్తం 54. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన గీత 50. తమిళనాడులో 69 శాతం నిలబడిందంటే, 1994లో పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేసి వాళ్ళ చట్టాన్ని తొమ్మిదో షెడ్యూల్‌లో చేర్చింది కాబట్టి. మన 10కి అలాంటి అండ ఇంకా లేదు. ఆ అండ ఇవ్వగలిగింది పార్లమెంటే. అందుకే తండాలో ఉండి కూడా ఢిల్లీలో మన ఎంపీ ఏం అడుగుతున్నాడో చూసుకోవాలి. 2024 నుంచి ఆ సీటులో ఉన్నది కుందూరు రఘువీర్ రెడ్డి.

అన్నీ ఢిల్లీ పనులు కావు, అదీ తెలిసి ఉండాలి. హాస్టల్ మెస్ చార్జీలు ఏళ్ళ తరబడి పెరగక మేం కూరగాయల దగ్గర ఎంత లెక్క చూసుకున్నామో మాకే తెలుసు. 2024 నవంబర్ 1 నుంచి 8, 9, 10 తరగతుల వాళ్ళకు నెలకు 1100 నుంచి 1540 అయింది. అదే తరగతుల ఆడపిల్లల కాస్మెటిక్ చార్జీ 75 నుంచి 275 అయింది. (75 రూపాయలతో నెలంతా సబ్బు, నూనె, ప్యాడ్లు! ఆ లెక్క వేసిన సార్లు ఎన్నడూ బజారుకు పోయినట్టు లేరు.) అది రాష్ట్రం చేసిన పని, అడగాల్సింది ఎమ్మెల్యేను, మంత్రిని. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వేరు. అందులో కేంద్రం 75, రాష్ట్రం 25 పెట్టాలి. అది ఆగితే ఎవరి దగ్గర ఆగిందో కనుక్కోకుండా కలెక్టరేట్ ముందు కూర్చుంటే రోజు పోతుంది, డబ్బు రాదు.

లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు 20 ప్రశ్నలకు నోటి జవాబు, ఇంకో 230కి రాతపూర్వక జవాబు. జవాబులన్నీ లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉంటాయి. రీల్స్ చూసే ఫోన్‌లోనే అవీ కనపడతాయి తమ్ముడూ! ఎంపీ పేరు కొట్టి, ఈ ఏడాది ఎన్ని అడిగాడు, అందులో గిరిజనుల మీద ఎన్ని ఉన్నాయో చూడండి.

మన గోర్‌బోలి సంగతే తీసుకోండి. ఇక్కడ తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో రాసుకుంటున్నాం. ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి, మనది లేదు. 2003లో సంతాలీ, బోడో చేరాయి, అవీ గిరిజన భాషలే. మన భాష సంగతి ఎక్కడిదాకా వచ్చిందని ఎంపీతో అడిగిద్దాం. ప్రశ్న నాలుగు లైన్లు దాటొద్దు. తారీఖు, పథకం పేరు, అంకె ఉండాలి. 'గిరిజనుల అభివృద్ధికి ఏం చేశారు' అని అడిగితే నాలుగు పేజీల జవాబు వస్తుంది, అందులో ఏమీ ఉండదు.

భోజనాల తర్వాత తెల్లకాగితాలు ఇస్తాం. మీ తండా పేరు, మీ ప్రశ్న రాసివ్వండి. మూడు పట్టణాల నుంచి ఇద్దరిద్దరు కూర్చొని ఏరి, పది ప్రశ్నలు ఎంపీ ఆఫీసుకు చేరుస్తాం. తీసుకున్నట్టు సంతకం కూడా పెట్టించుకొని వస్తాం.