చలికాలమున ఇంటి వెచ్చదనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

  

ఇరువదియైదు వత్సరముల గ్రంథాలయ చరిత్రను నాకంటె బాగుగ నెరిగిన పెద్దలు ఇంతకుముందే ముచ్చటించిరి. నేను చెప్పదలచినది పుస్తకములను గూర్చి కాదు. పఠనమందిరమున ఆ మూలనున్న కుంపటిని గూర్చి. ధనుర్మాసము వచ్చుసరికి సాయంకాలము ఆరు గంటలకే ఇచ్చట తలుపులన్నియు మూయుచున్నారు. పాఠకులు బల్లలు విడిచి కుంపటి చుట్టును చేరుచున్నారు. ఒక చేతిలో పత్రిక, రెండవ చేయి నిప్పుల మీద. ఇందులో తప్పేమున్నదని మీరడుగుదురు. ఆ మాటయే చెప్పుటకు లేచితిని.

మనది కొండల అడుగున నున్న ఊరు. సముద్రతీరమున పుష్యమాసపు రాత్రి 17, 18 డిగ్రీల వేడి యుండుట సామాన్యము. పైన, సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగి, చింతపల్లి ప్రాంతములందు ఒక్కొక్క రాత్రి అది 5 డిగ్రీలకు లోబడుట కలదు. లంబసింగికి కొర్రబయలని మరియొక పేరు. రాత్రి బయట నిలిచినవాడు కర్రవలె బిగిసిపోవునని దాని కర్థము చెప్పుదురు. చల్లని గాలి బరువైనది. రాత్రివేళ అది నీటివలెనే వాలు పట్టి పల్లమునకు జారును. మబ్బు పట్టిన రాత్రి నేలవేడిమి కొంత నిలుచును; ఆకాశము నిర్మలముగ నుండి నక్షత్రములు మెరయు రాత్రి అది పైకి పోవును. కావుననే మంచి వెన్నెల రాత్రులందు మనము ఎక్కువగ వణకుదుము.

అయితే మన ఇండ్లను కట్టినది ఈ రెండు నెలల చలికి కాదు, నాలుగు నెలల ఎండకు. పెంకుల సందులు, ఎత్తైన కప్పు, ఎదురెదురు తలుపులు, ఇవన్నియు వేసవిలో ప్రాణము నిలుపునవి. అట్టి ఇంట గదినంతను వేడి చేయబూనుట చిల్లికుండలో నీరు పోయుటయే. పట్టణములందు కొనుచున్న విద్యుత్ హీటరు ఒకటి 2,000 వాట్లదనుకొనుడు. అది ఎనిమిది గంటలు ఎడతెగక వెలిగినచో 16 యూనిట్లు. నెల తిరుగుసరికి బిల్లు చూచి వచ్చు వణకు చలి వణకును మించును!

మరి వేడి ఎక్కడినుండి వచ్చును? మన ఒంటినుండియే. ఊరక కూర్చున్న పెద్దమనిషి దేహమునుండి వెలువడు వేడి సుమారు 80 మొదలు 100 వాట్లు. పూర్వపు నూరు వాట్ల బల్బు ఒకటి రాత్రియంతయు మనలో వెలుగుచున్నదన్నమాట. దానికి రుసుము లేదు. అన్నమే దాని నూనె. ఆ వేడిని పోనీయకుండుటయే మనము చేయవలసిన పని.

మా నాయనమ్మ ఈ శాస్త్రము చదువలేదు గాని బొంత కుట్టుట ఎరుగును. పాత చీరలు, పాత పంచెలు పొరలు పొరలుగ పరచి దగ్గరదగ్గరగ కుట్టు వేసెడిది. గుడ్డకు స్వయముగ వేడి లేదు. పొరలనడుమ కదలక నిలిచిన గాలియే వేడిని ఆపును. ఒక దళసరి దుప్పటికంటె రెండు పలుచని దుప్పట్లు మేలగుట ఇందువలననే. గొంగడి నూలు దుప్పటికంటె వెచ్చగ నుండుటకు కారణము కూడ ఇదియే. ఉన్ని వెంట్రుకల ముడుతలలో గాలి చిక్కుకొని యుండును, కొంచెము తేమ తగిలినను దాని గుణము పూర్తిగ పోదు.

మన మందరము చేయు పొరపాటొకటి కలదు. పైన ఎన్ని కప్పుకొన్నను క్రింద ఏమియు పరువము. నులకమంచము సందులనుండి చల్లగాలి వీపునకు తగులుచునే యుండును. గచ్చునేలయు, సిమెంటునేలయు ఒంటివేడిని పీల్చివేయును. కప్పుకొన్న రెండింటిలో ఒకదానిని తీసి క్రింద పరచి చూడుడు, తేడా ఆ రాత్రియే తెలియును. మంచముపై చాప, చాపపై గోనెసంచులు, ఆపైన బొంత. ఇంతకంటె ఖర్చులేని పరుపు లేదు. నేలమీద పండుకొనువారు చాప క్రింద ఎండిన వరిగడ్డి పరచుకొనవచ్చును. తడిసిన గడ్డి మాత్రము పనికిరాదు. పక్కబట్టలను మధ్యాహ్నపు టెండలో వేయుట అందరు నెరిగినదే. కాని మంచు దిగువరకు వానిని దండెముననే మరచుట వలన ఎండబెట్టిన ఫలము పోవుచున్నది. పొద్దు వాలకముందే లోనికి తెచ్చి చుట్టిపెట్టవలెను.

వృద్ధులకు మొదట చల్లబడునవి పాదములు. లీటరు నీటిని 25 డిగ్రీలనుండి 75 డిగ్రీలకు కాచుటకు పట్టు వేడి లెక్కప్రకారము యూనిట్టులో పదునేడవ వంతు మాత్రమే. దానిని రబ్బరు సంచిలో పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి పక్కలో నుంచినచో హీటరు గదికి చేయలేని మేలు అది కాళ్లకు చేయును. తువ్వాలు చుట్టుట మరువరాదు. మధుమేహము గలవారిలో కొందరికి పాదములకు స్పర్శ తగ్గియుండును. కాలుచున్నను వారికి తెలియదు. అట్టివారికి పక్క వెచ్చబడిన తరువాత సంచిని తీసివేసి మేజోళ్లు తొడుగుట క్షేమము.

రాత్రి వేడి చోడి అంబలియో, మిరియాల చారన్నమో తినుట మంచిది. సారాయి వేడినిచ్చుననుట మాత్రము భ్రమ. అది నెత్తురును చర్మమునకు తెచ్చుటచే ఒళ్లు వెచ్చబడినట్లు తోచును. లోపలి వేడి ఆ దారినే బయటికి పోవును.

ఇక కుంపటి. నాకు తొమ్మిది పదేండ్ల వయస్సున మా మేనత్త పురిటికి మా ఇంటికి వచ్చెను. పుష్యమాసము. బాలింతకు గాలి తగులరాదని కిటికీ సందులలో పాతగుడ్డలు కూరి, మంచము క్రింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపు వేసిరి. పొగ లేదు, వాసన లేదు; బొగ్గులు కణకణలాడుచున్నవి. తెల్లవారుజామున మా నాయనమ్మ వేడినీళ్లు తీసికొని పోయి పిలిచిన పలుకలేదు. తలుపు త్రోసి చూడగా అత్త సగము మాట పోయి, తలపోటని సైగ చేయుచు వాంతి చేసికొనుచున్నది. శిశువు ఏడ్చుట మానినది. ఇరువురిని వాకిటిలోనికి ఎత్తుకొని వచ్చిరి. బయటిగాలికి తేరుకొనిరి. గాలి సోకినదనిరి కొందరు. దృష్టి తగిలినదని దిష్టి తీసిరి మరికొందరు. పాపము, ఆ కుంపటిని ఎవరును అనుమానింపలేదు. మరునాడు మరల పెట్టబోగా మా నాయనమ్మయే, ఎందుకో తెలియకపోయినను, వలదని పట్టుపట్టెను.

కారణము చాల కాలమునకు పుస్తకములో చదివి తెలిసికొంటిని. గాలి చాలని చోట బొగ్గు పూర్తిగ కాలక కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని ఎర్రని పదార్థము, హీమోగ్లోబిన్, ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లు గట్టిగ దీనిని పట్టుకొనును. మొదట తలనొప్పి, కన్ను తిరుగుట, వికారము, పిదప నిద్ర. నిద్రించువాడు మేలుకొనడు. పొగ లేని నిప్పు మంచిదని మనమనుకొందుము; ఈ విషయమున పొగ రాకపోవుటయే మోసము, పొగయున్నచో దగ్గు వచ్చి లేతుము గదా. ఎవరికైన నట్టి లక్షణములు కనబడినచో ముందు తలుపులు తెరచి వారిని బయటికి చేర్చి, 108కి ఫోను చేయవలెను.

శిశువును వెచ్చగ నుంచుటకు కుంపటి అక్కరలేదు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములోని ఆసుపత్రిలో, నెలలు నిండక పుట్టిన శిశువులకు చాలినన్ని వెచ్చని పెట్టెలు లేక, బిడ్డను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టు పద్ధతిని వైద్యులు మొదలిడిరి. అది ఇప్పుడు లోకమంతటను ఆదరణ పొందినది. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానము చేయింపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. స్నానము తరువాత సాంబ్రాణి పొగ పట్టుట మన వాడుక. ఆ లేత ఊపిరితిత్తులకు అదియు మేలు కాదు. తల్లి రొమ్ము, తలకు టోపి, పొడిబట్ట, ఇవి చాలును.

కుంపటిని పారవేయుమని నేననుట లేదు. అరుగుమీద, వసారాలో, నలుగురు కూడి కబుర్లాడు చోట అది ఎంత సుఖమో నేనెరుగుదును. తలుపు మూసిన గదిలోనికి, అందులోను నిద్రించు చోటికి మాత్రము దానిని తేవలదు.

కార్యవర్గమువారికి నా విన్నపము రెండు మాటలు. ఈ రాత్రి సభ ముగియగానే ఆ మూలనున్న కుంపటిని అరుగుమీదికి చేర్పింపుడు. మార్గశిర పుష్యములందు పఠనవేళను సాయంకాలమునకు మారుగా మధ్యాహ్నము మూడు గంటలకు మార్చి, బల్లలను పడమటి వసారాలోని ఎండలో వేయింపుడు. బల్లలపై పరచుటకు నాలుగు బొంతలు మా ఇంటినుండి రేపు ఉదయము పంపుదును.