చౌక విమాన టికెట్టు: కొన్ని అపోహలు, కొన్ని నిజాలు



మా కళాశాలలో చదివిన ఒక అబ్బాయికి ఢిల్లీలో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఇంకా ఇరవై రోజుల గడువు ఉంది. విశాఖపట్నం నుంచి ఆ రోజుకు టికెట్టు ఆరు వేల రూపాయల లోపే కనిపించింది. కొనమని చెప్పాను. "చివరి రోజుల్లో ఖాళీ సీట్లు సగం ధరకే వదిలేస్తారట, మాస్టారూ! ఆగుదాం" అన్నాడు. ప్రయాణానికి మూడు రోజుల ముందు చూసేసరికి ధర పదిహేను వేలు దాటింది. అప్పటికి రైలులో బెర్తు కూడా లేదు. వాళ్ళ నాన్నగారు చేబదులు తెచ్చి టికెట్టు కొన్నారు. అదనంగా పోయిన ఆ తొమ్మిది వేలు ఆ ఇంటికి ఒక నెల గ్రాసం.

ఆ అబ్బాయి తెలివితక్కువవాడు కాదు. అందరూ అనే మాటను నమ్మాడు, అంతే. అందుకే ఈనాటి ప్రసంగంలో చౌక విమాన టికెట్ల విషయంలో ప్రచారంలో ఉన్న కొన్ని అపోహలను పరిశీలిద్దాం.

ధర ఎలా నిర్ణయమవుతుంది?

ముందుగా మూలసూత్రం తెలుసుకోవాలి. సాయంత్రం రైతుబజారుకు వెళితే టమాటాలు చౌకగా దొరుకుతాయి. మిగిలిన సరుకు రేపటికి వాడిపోతుంది కనుక రైతు వచ్చిన ధరకు అమ్మేస్తాడు. విమానంలో సీటు కూడా అలాంటి సరుకే. విమానం ఎగిరిన తరువాత ఖాళీ సీటుకు విలువ లేదు. అలాంటప్పుడు చివర్లో చౌకగా అమ్మాలి కదా అనిపిస్తుంది. కాని ఒక పెద్ద తేడా ఉంది. రైతుబజారుకు సాయంత్రం వచ్చేవాడు బేరమాడటానికి వస్తాడు. విమానానికి చివర్లో వచ్చేవాడు తప్పనిసరై వస్తాడు: బంధువుకు ఒంట్లో బాగాలేదనో, కోర్టు వాయిదా ఉందనో, కంపెనీ పనిమీదనో. అతను ఎంతైనా ఇస్తాడని సంస్థకు తెలుసు.

అందుచేత విమానంలోని సీట్లను ధరను బట్టి కొన్ని వర్గాలుగా విభజిస్తారు. వీటినే ఫేర్ బకెట్లు అంటారు. ఉదాహరణకు 180 సీట్ల విమానంలో మొదటి 30 సీట్లు 3,000 రూపాయలకు, తరువాతి 40 సీట్లు 3,600కు, ఇలా పెరుగుతూ చివరి కొద్ది సీట్లు 9,000కు పెట్టారనుకుందాం. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు వేరువేరు ధరలు చెల్లించి ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు సంస్థ ముందున్న లెక్క చూడండి. ఒక సీటును ఈరోజే 3,000కు అమ్మాలా, లేక 9,000 ఇచ్చేవాడి కోసం ఆపాలా? అలాంటివాడు వచ్చే అవకాశం రెండింట ఒకటి అయితే, ఆ సీటు విలువ సగటున 4,500. ఆపడమే లాభం. అవకాశం నాలుగింట ఒకటి మాత్రమే అయితే విలువ 2,250. అమ్మేయడమే లాభం. ఈ సూత్రాన్ని 1972లో బ్రిటిష్ విమానసంస్థ బి.ఓ.ఏ.సి.లో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ ప్రతిపాదించారు. 1978లో అమెరికా విమాన చార్జీలపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తివేసిన తరువాత ఈ పద్ధతి బాగా విస్తరించింది.

మన దేశంలో 1953లో విమానసంస్థలను జాతీయం చేశారు. ఆ చట్టం 1994లో రద్దయింది. 2003లో ఎయిర్ డెక్కన్ రాకతో చౌక విమానయానం మొదలైంది. సాధారణ పరిస్థితుల్లో చార్జీలను సంస్థలే నిర్ణయించుకుంటాయి. ప్రభుత్వం అరుదుగా జోక్యం చేసుకుంటుంది. కరోనా కాలంలో, అంటే 2020 మే నుంచి 2022 ఆగస్టు వరకు, చార్జీలకు పరిమితులు విధించింది. 2025 డిసెంబరులో విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయినప్పుడు మళ్ళీ తాత్కాలికంగా గరిష్ఠ చార్జీలు ప్రకటించింది.

ఈ పద్ధతి రైళ్ళలోనూ ఉంది. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ఫ్లెక్సీ చార్జీలు ప్రవేశపెట్టారు. పది శాతం సీట్లు నిండిన ప్రతిసారీ మూల చార్జీ పది శాతం చొప్పున, ఒక గరిష్ఠ పరిమితి వరకు, పెరిగేలా ఏర్పాటు చేశారు.

ఇక అపోహల్లోకి వద్దాం.

మొదటి అపోహ: చివరి నిమిషంలో చౌకగా దొరుకుతుంది

దీనికి జవాబు పై లెక్కలోనే ఉంది. సాధారణంగా చివరి వారంలో ధర పెరుగుతుంది. అలాగని ఆరు నెలల ముందు కొంటే అతి చౌక అనుకోవడమూ పొరపాటే. అంత ముందు సంస్థకు గిరాకీ అంచనా పూర్తిగా తెలియదు. రాయితీలు ఇంకా ప్రకటించి ఉండకపోవచ్చు. మామూలు రోజుల్లో దేశంలోపలి ప్రయాణానికి కొన్ని వారాల ముందు చూస్తే చాలు. పండుగలు, సెలవులు మాత్రం వేరు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ వెళ్ళేవారు, ఆగస్టులో అమెరికా చదువులకు వెళ్ళే విద్యార్థులు తేదీ ఖాయం కాగానే కొనడం మేలు. అప్పుడు గిరాకీ ఉంటుందని మీకెంత తెలుసో సంస్థలకూ అంతే తెలుసు.

రెండవ అపోహ: మంగళవారం అర్ధరాత్రి కొంటే చౌక

అమెరికాలో ఒకప్పుడు సంస్థలు వారం మొదట్లో రాయితీలు ప్రకటించేవి. పోటీ సంస్థలు ఒకటి రెండు రోజుల్లో ధర తగ్గించేవి. ఈ మాటకు మూలం అదే. ఇప్పుడు కంప్యూటర్లు రోజుకు ఎన్నోసార్లు ధరలు మారుస్తాయి. కొనే రోజుకంటే ప్రయాణించే రోజు ముఖ్యం. శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు ఖరీదు. వారం మధ్యలో, తెల్లవారుజామున లేదా రాత్రి పొద్దుపోయాక బయలుదేరే విమానాలు తరచు చౌక. ఒక రోజు అటూఇటూ జరుపుకోగలిగితే అర్ధరాత్రి మేలుకోనక్కరలేదు.

మూడవ అపోహ: పదేపదే వెతికితే ధర పెంచుతారు

చాలామంది ఇది గట్టిగా నమ్ముతారు. పొద్దున 3,000 చూసి, మధ్యాహ్నం 3,600 చూసేసరికి "నన్ను కనిపెట్టి పెంచారు" అనుకుంటారు. సాధారణంగా జరిగేది వేరు. ఈలోగా ఎవరో ఆ చౌక వర్గంలోని చివరి సీటు కొని ఉంటారు. ఒక్కోసారి తిరిగి తగ్గడం కూడా చూస్తాం. ఎవరో టికెట్టు కొనబోయి డబ్బు చెల్లించకపోతే ఆ సీటు మళ్ళీ జాబితాలోకి వస్తుంది. అనుమానం ఉంటే మరో ఫోనులో చూసి పోల్చుకోవచ్చు, ఖర్చేమీ లేదు.

కాని ఇక్కడే పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. నలుగురు కలిసి వెళుతున్నారు. 3,000 వర్గంలో మూడు సీట్లే మిగిలాయి. నలుగురికీ ఒకేసారి వెతికితే చాలా చోట్ల నలుగురికీ 3,600 చొప్పున, మొత్తం 14,400 చూపిస్తుంది. ముగ్గురికి ఒకటి, ఒకరికి ఒకటి చొప్పున విడిగా కొంటే 9,000, 3,600 కలిపి 12,600 అవుతుంది. 1,800 రూపాయలు మిగులుతాయి. కనుక ముందు ఒక్కరి కోసం వెతికి చూడండి. అయితే విమానం రద్దయినా, వేళ మారినా రెండు టికెట్లను వేరువేరుగా చూస్తారని గుర్తుంచుకోండి.

నాలుగవ అపోహ: తెరమీద తక్కువగా కనిపించిందే చౌక

మొదట కనిపించే ధరకు చివర చెల్లించే ధరకు మధ్య చాలా చేరతాయి: సౌకర్య రుసుము, సీటు ఎంపిక, భోజనం, బీమా. వీటిలో కొన్ని మనం అడగకుండానే టిక్కు పెట్టి ఉండవచ్చు. సీటు ఎంచుకోకపోతే ప్రయాణం కుదరదన్నట్టు తెరమీద కనిపిస్తుంది. అది నిజం కాదు. డబ్బు కట్టి ఎంచుకోకపోతే చెక్-ఇన్ సమయంలో సంస్థే ఒక సీటు కేటాయిస్తుంది. మన దేశంలో ఎకానమీ తరగతికి సాధారణంగా 15 కిలోల సామాను, చేతిసంచి 7 కిలోలు అనుమతిస్తారు. హాస్టలుకు పుస్తకాలు, పచ్చళ్ళు మోసుకెళ్ళే మీలాంటివారికి అదనపు సామాను రుసుమే చౌకదనాన్ని మింగేస్తుంది. కొన్ని సంస్థలు విద్యార్థులకు చార్జీలో రాయితీ, అదనపు సామాను వెసులుబాటు ఇస్తాయి. అలా కొన్నప్పుడు గుర్తింపు కార్డు వెంట ఉండాలి. కనుక చిట్టచివరి పేజీలోని మొత్తాలనే పోల్చండి.

ఐదవ అపోహ: రెండు టికెట్లు ముక్కలుగా కొంటే ఎప్పుడూ లాభమే

దేశంలోపల చాలా సంస్థలు ఒక్కో ప్రయాణానికి విడిగా ధర కడతాయి. రానూపోనూ కలిపి కొనడంవల్ల ప్రత్యేక లాభం తక్కువ. విదేశీ ప్రయాణాల్లో మాత్రం రానూపోనూ టికెట్టు తరచు చౌక. అయితే హైదరాబాదు నుంచి ముంబయికి ఒక టికెట్టు, అక్కడి నుంచి విదేశానికి మరో సంస్థ టికెట్టు విడిగా కొంటే ప్రమాదం ఉంది. మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే రెండవ సంస్థకు బాధ్యత లేదు. సామాను తీసుకుని మళ్ళీ అప్పగించుకోవాలి కూడా. ఒకే టికెట్టుమీద వెళితే ఆ బాధ్యత సంస్థది. అలాగే, ఒకే టికెట్టులో మొదటి విమానం ఎక్కకపోతే మిగిలిన ప్రయాణం సాధారణంగా రద్దవుతుంది.

ఆరవ అపోహ: చౌక టికెట్టు రద్దు చేస్తే ఒక్క పైసా రాదు

మూల చార్జీ తిరిగి రాకపోవచ్చు. కాని చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధన. ప్రయాణం మానుకున్నా ఇది వర్తిస్తుంది. చాలామంది అడగరు, పోగొట్టుకుంటారు. ఫిర్యాదులకు ప్రభుత్వం వారి ఎయిర్‌సేవా ఉంది, జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉంది.

దూరాన్ని బట్టే ధరా?

బస్సు చార్జీలాగా కిలోమీటర్ల లెక్క ఇక్కడ పనిచేయదు. పోటీ ఎక్కువ ఉన్న దూరపు మార్గం, పోటీ లేని దగ్గరి మార్గం కంటే చౌకగా ఉండవచ్చు. చిన్న పట్టణాల ఇబ్బంది ఇదే. ఉడాన్ పథకం ఉద్దేశం ఈ లోటు తీర్చడమే. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో కడప–హైదరాబాదు విమానం ఒకటి. గంట ప్రయాణానికి చార్జీ సుమారు 2,500 ఉండేలా అప్పట్లో పరిమితి పెట్టారు. ఆ ధర విమానంలోని కొన్ని సీట్లకే గాని అన్నిటికీ కాదు.

చివరగా ఒక హెచ్చరిక. అందరూ పది వేలు చూపిస్తుంటే ఎవరో నాలుగు వేలకే ఇస్తానంటే అది అదృష్టం కాదు, అనుమానించవలసిన విషయం. టికెట్టు చేతికి రాగానే పి.ఎన్.ఆర్. సంఖ్యను విమానసంస్థ సొంత వెబ్‌సైటులో సరిచూసుకోండి. సంస్థ ఫోను నంబరును కూడా అక్కడి నుంచే తీసుకోండి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయండి.

మొదట చెప్పిన అబ్బాయికి ఆ ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంలో నాన్నగారి బాకీ తీర్చాడు. కాని అందరికీ అలా కలిసిరాదు. టికెట్టు వెనక జిత్తులు, మంత్రాలు లేవు. ఎవరికి ఎంత అవసరమో అంచనా కట్టే ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినవాడు కంగారుపడడు. మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణం తలపెడితే, ఒకే విమానం ధరను వారం రోజులపాటు రోజూ రాసిపెట్టి, ఎప్పుడు పెరిగిందో, ఎందుకు పెరిగి ఉంటుందో ఆలోచించండి. అదే ఈ పాఠానికి మంచి అభ్యాసం.