పల్లెటూరి ఆసుపత్రి మంచిచెడ్డలు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం పట్నాల్లో కాపురాలు చేస్తున్నామన్న మాటే గాని, చాలామందికి అత్తమామలో అమ్మానాన్నలో ఇంకా పల్లెటూళ్ళోనే ఉన్నారు. వాళ్ళకి ఒంట్లో బాగోలేదని కబురు రాగానే, "అక్కడి వైద్యం ఏపాటిదో! ఇక్కడికి తీసుకొచ్చేద్దామా?" అని ఆదుర్దా పడతాం. ఆ ఊరి వైద్యం మంచిదో కాదో తెలుసుకునేదెలా? ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

మామూలుగా మనం చూసేదేమిటి? సూదిమందు ఇచ్చారా, గ్లూకోజు ఎక్కించారా అని! "వట్టి మాత్రలిచ్చి పంపేశాడమ్మా, అదేం డాక్టరు!" అనేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. కాని అర లీటరు అయిదు శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే అయిదారు చెంచాల పంచదారపాటి. నోటితో చక్కగా తాగగలిగిన మనిషికి, నీరసమని దాన్ని నరంలోకి ఎక్కించడం దేనికి చెప్పండి?

అవెడిస్ డొనబెడియన్ అనే వైద్యుడు 1966లో ఒక మంచి మాట చెప్పారు. వైద్యం నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలన్నారు. అక్కడ ఏమేం ఉన్నాయి, ఏం చేశారు, చివరికి ఏమైంది. మన వంటింటి భాషలో సరుకులు, వండిన తీరు, తిన్నవాళ్ళ ఆరోగ్యం అన్నమాట.

ముందు సరుకులు. మైదాన ప్రాంతాల్లో 30 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. అక్కడ స్కానింగులు లేవని చిన్నచూపు చూడనక్కర్లేదు. డాక్టరుగారు వేళకు ఉంటున్నారా? బి.పి. పరికరం పనిచేస్తోందా? బి.పి., షుగరు మాత్రలు నెలనెలా దొరుకుతున్నాయా? చేతులు కడుక్కోవడానికి కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా? ఇవీ చూడవలసినవి. పసిపిల్లకు టీకా వేయించేటప్పుడు సీసా మీద గుర్తు చూడండి. గుండ్రటి గుర్తులో చిన్న చదరం ఉంటుంది. ఆ చదరం చుట్టూ ఉన్న రంగుకన్నా లేతగా ఉంటే సరే. రెండూ ఒకే రంగుకి వచ్చాయంటే టీకాకి వేడి తగిలిందని, పనికిరాదని అర్థం.

ఇక వండిన తీరు. అసలు కీలకం ఇక్కడే ఉంది. డాక్టరు మనిషి చెప్పేది విన్నారా, ఒళ్ళు పరీక్ష చేశారా, లేక గుమ్మంలో ఉండగానే చీటీ రాసిచ్చేశారా? బి.పి. చూసేముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చిన అత్తగారికి వెంటనే చూస్తే ఆ అంకె నమ్మదగ్గది కాదు. సిరంజి కవరు మన కళ్ళెదుటే చింపాలి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి వంటి జబ్బులు అంటుకుంటాయి. విరేచనాలైతే ముందుగా ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగించాలి. గర్భిణి వెళ్ళిన ప్రతిసారీ బరువు, బి.పి. చూసి కార్డు మీద రాయాలి. ఏం మందు, ఎన్నాళ్ళు వాడాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నది విడమరిచి చెప్పాలి.

మూడోది ఫలితం. ఇక్కడే మనం పప్పులో కాలేస్తాం. జలుబు జ్వరాలు చాలావరకు కొద్దిరోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు మాత్రం సూది వేసినవారికి దక్కుతుంది! అందుకని ఒక్క జ్వరాన్ని చూసి తీర్పు చెప్పకండి. ఆరునెలల బి.పి. అంకెలు వరసగా చూడండి. అదుపులో ఉంటే మందు, మనిషి, ఆసుపత్రి అన్నీ సరిగ్గా ఉన్నట్టే.

ఊళ్ళో ఆర్.ఎం.పి. సంగతి కూడా చెప్పాలి. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, అప్పు పెడతాడు, ఆప్యాయంగా పలకరిస్తాడు. అవన్నీ నిజమే. కాని వాళ్ళలో చాలామందికి వైద్య పట్టా ఉండదు. ఆప్యాయత వేరు, వైద్యం వేరు.

అన్నిటికన్నా పెద్ద గీటురాయి ఇంకొకటుంది. గుండెల్లో నొప్పి, మూతి వంకరపోవడం, గర్భిణికి ఫిట్సు, ఇలాంటివి వచ్చినప్పుడు "ఇది నా చేతిలో పని కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని జాగు చెయ్యకుండా చెప్పే డాక్టరే మంచి డాక్టరు. ఆ మాట చేతకానితనం అనుకోకండి, ప్రాణం నిలబెట్టే మాట అది. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన 108 అంబులెన్సు ఉన్నది ఇలాంటి గడియ కోసమే. ఆ నంబరు మామగారి మంచం పక్క గోడమీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.

ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒక పూట అత్తగారితో కలిసి ఆ ఆసుపత్రికి వెళ్ళి రండి. ఫోనులో మాట్లాడేటప్పుడు "సూది వేశారా?" అని అడగడం మానేసి, "ఏం పరీక్ష చేశారు, ఏం చెప్పారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడగండి. మనం అడిగే ప్రశ్న మారితే పెద్దవాళ్ళు డాక్టరుని అడిగే ప్రశ్నా మారుతుంది. అడిగేవాళ్ళున్న చోట వైద్యం ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుంది.