ఏకలవ్యునికి ఫోనిస్తే సరిపోదు

(కాగజ్‌నగర్‌లో విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఊరి పేరులనే కాగితం వుంది. 1942 నుంచి సిర్పూర్ మిల్లుల కాగితం తయారయింది. 2014ల మిల్లు మూతపడ్డది, 2018ల మళ్ల తెరిచిన్రు. కాగితం మోసిన చేతులకు ఆ కాగితం మీది చదువు మాత్రం ఆలస్యంగా అందింది.

2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మన పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటిన్రు. గేటు తెరుచుకుంది గానీ పాఠం తెరుచుకోలేదు. తెలుగుల చదివి వచ్చిన పిల్ల మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠం ముందు బిత్తరపోతది. అర్థం కాలేదని లేచి అడుగుదామంటే 'రిజర్వేషన్ సీటు' అని వెనుక బెంచీ నవ్వుతది. అందుకే అడగదు. సబ్జెక్టులు మిగిలిపోతయి. ఆఖరికి 'వీళ్లకు చదువు రాదు' అంటరు. చదువు రాక కాదు, అడిగే చోటు లేక.

ఇప్పుడు ఆ చోటు ఫోన్ల కొంత దొరుకుతుంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003ల మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు పైసా లేకుండ చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. కొన్ని పాఠాలకు తెలుగు అనువాదాలున్నయి. తెలుగుల అడిగితే తెలుగుల చెప్పే ఏఐ ట్యూటర్లు కూడా వచ్చినయి. పదిసార్లు అడిగినా విసుక్కోవు, కులం అడగవు.

కానీ పైలం! అవి తప్పును కూడా ధీమాగా చెప్తయి. పుస్తకంతో సరిచూసుకోవాలె. లెక్కంతా వాటితోనే చేయించుకుంటే పరీక్షల చెయ్యి ఆడదు. లేత్ మిషన్‌ను తెర మీద చూస్తే చేతికి పని రాదు. ఏకలవ్యుడు మట్టిబొమ్మ ముందు నేర్చుకున్నడంటే అది అతని గొప్ప, ద్రోణుని గొప్ప కాదు. ఫోన్లున్నయి గదా అని అధ్యాపకుల పోస్టులు ఖాళీగా పెడితే ఊరుకోవద్దు.

కార్యకర్తలకు ఒక్కటే చెప్తున్న. ప్రతి ఆదివారం వాడల రెండు గంటలు పిల్లలను కూర్చోబెట్టున్రి. సిగ్నల్ వున్న దగ్గర పాఠం దించుకొచ్చి కలిసి చూడాలె. మూడో ఏడాది అన్న మొదటి ఏడాది చెల్లెకు చెప్పాలె. రాని లెక్కలు నోటుబుక్కుల రాసి, నలుగురు కలిసి పోయి కాలేజీ సారును అడగాలె. ఒక్కరు అడిగితే నవ్వుతరు, నలుగురు అడిగితే చెప్తరు. ఇంట్ల ఒక్కటే ఫోనుంటే కొడుకుకే కాదు, బిడ్డకూ వంతు పెట్టున్రి.

బాబాసాహెబ్ చదువును, సంఘటనను, పోరాటాన్ని వేరువేరుగ చూడలేదు. మనం ఫోన్ల చదువును ఒంటరి చదువు కానియ్యొద్దు. వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడదాం.

జై భీమ్!