గురక పెట్టు బిడ్డ గాఢముగా నిద్రించుచున్నాడా?

(తల్లిదండ్రుల సమావేశమునందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సమావేశములలో మేము హాజరును గూర్చియు, తెలుగు పాఠ్యపుస్తకములను గూర్చియు, ఒడియా పరీక్షలను గూర్చియు మాటలాడుట వాడుక. నేడు వానిని ప్రక్కన నుంచి, రాత్రివేళ మీ ఇండ్లలో జరుగు ఒక సంగతిని ప్రస్తావించెదము. నిద్ర సంగతి బడివారికేల యని కొందరనుకొనవచ్చును. పగలు మా యెదుట కూర్చుండు బిడ్డ రాత్రి మీ ఇంట ఎట్లు నిద్రించెనో, వాని చదువు కొంతవరకు దానినిబట్టియే యుండును.

మా మూడవ తరగతిలో ఒక బాలుడు కలడు. తెలివికి లోటు లేదు. లెక్కకు జవాబు నోటితో చెప్పును. పుస్తకములో వ్రాయునప్పటికి మనస్సు మరియొకచోట నుండును. బెంచీమీద నిలుకడ లేదు. నోరు ఎల్లప్పుడును తెరచియే యుండును. తరగతి ఉపాధ్యాయిని వాని తల్లిని పిలిపించి, రాత్రి నిద్ర ఎట్లున్నదని యడిగినది. "దానికేం లోటు లేదండీ, అచ్చం వాళ్ళ నాన్నలాగే గుర్రు పెట్టి హాయిగా పడుకుంటాడు" అని ఆ తల్లి నవ్వుచు చెప్పినది. ఆ కుటుంబము వారి అనుమతితోనే ఈ విషయము చెప్పుచున్నాము, పేర్లు చెప్పము. ఆ ఒక్క మాటలో ఇద్దరు రోగులున్నారని తరువాత తెలిసినది.

గురక హాయికి గుర్తని మనవారి నమ్మకము. కుంభకర్ణుని తలంచుకొని నవ్వుకొనుటయే గాని, వైద్యునితో చెప్పవలసిన సంగతియని తోచదు. మేల్కొనియున్నప్పుడు గొంతులోని కండరములు శ్వాసమార్గమును తెరచి యుంచును. నిద్రలో అవి సడలును. ఇరుకైన మార్గమున గాలి పోవునపుడు మెత్తని అంగిలియు కొండనాలుకయు అదరుటచే పుట్టు ధ్వనియే గురక. కొందరిలో ఆ మార్గము పూర్తిగా మూసికొనిపోవును. రొమ్ము ఎగసిపడుచుండును గాని గాలి లోపలికి పోదు. ఇట్లు 10 సెకనులు, 20 సెకనులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు జరుగును. నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గును. మెదడు ఉలికిపడి లేపును. పెద్ద శబ్దముతో ఊపిరి తిరిగి వచ్చును. నిద్రించువానికి ఇదేమియు గుర్తుండదు. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. గురక పెట్టు ప్రతివానికిని ఈ వ్యాధి యున్నదని కాదు. గురక నడుమ వచ్చు నిశ్శబ్దమును వినవలెను. భయపడవలసినది దానికే.

పిల్లలలో దీనికి ముఖ్యకారణము గొంతులోని టాన్సిళ్ళు, ముక్కు వెనుకనుండు ఎడినాయిడ్లు పెరిగి దారికి అడ్డుపడుట. పెద్దవారు నిద్ర చాలక తూగుదురు. పిల్లలు పలువురు తూగక అల్లరి చేయుదురు. అందుచేత వానిని అల్లరివాడనియో మందమతియనియో అనుట సులభము. 1889లోనే విలియం హిల్ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పిల్లల వెనుకబాటును గూర్చి వ్రాయుచు, ముక్కు వెనుకభాగమునకు చికిత్స చేయగా కొందరు బాగుపడిరని తెలిపెను. ఉపాధ్యాయులము ఈ సంగతిని ఇంకను పూర్తిగా తలకెక్కించుకొనలేదు. రాత్రి నోటితో ఊపిరి పీల్చుట, తల వెనుకకు వాల్చి పడుకొనుట, విపరీతముగా చెమట పట్టుట, మానిన తరువాత మరల పక్క తడుపుట, ఉదయమున తలనొప్పి — ఇవి గురకతో కూడియున్నచో చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

ఆ బాలునికి టాన్సిళ్ళను, ఎడినాయిడ్లను తీసివేసిరి. కత్తి యనగానే తల్లులు హడలిపోవుదురు, అది సహజమే. అందరికిని తొందరపడి చేయవలసిన పనియు కాదు. అమెరికాలో 5 నుండి 9 ఏండ్ల పిల్లలు 464 మందిని పరీక్షించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. ఏడు నెలల పిమ్మట, శస్త్రచికిత్స అయినవారిలో నూటికి 79 మందికి నిద్రపరీక్ష సరిగా వచ్చినది. చేయక వేచిచూచినవారిలోను నూటికి 46 మందికి సరిగా వచ్చినది. చికిత్స పొందినవారి నడవడి, నిద్ర మెరుగైనవి గాని, అవధానమును కొలిచిన పరీక్షలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. కనుక ఆపరేషను చేయించినచో మార్కులు పెరుగునని మేము మాట ఇయ్యము. మా బాలుడు ఇప్పుడు నోరు మూసికొని ఊపిరి తీయుచున్నాడు, కుదురుగా కూర్చుండుచున్నాడు. గుణకారములో మాత్రము ఇంకను తప్పులు చేయుచునే యున్నాడు.

ఇక తండ్రి సంగతి. ఆయన బరంపురము నుండి శ్రీకాకుళమునకు సరకుల వ్యాను నడుపును. ఒకనాడు ఇచ్ఛాపురము దాటిన పిమ్మట కన్ను మూతపడి బండి రోడ్డు దిగినది. అదృష్టవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని మనవారి సామెత. కూర్చున్నచోట కునుకు తీయువానిని చూచి అదృష్టవంతుడందుము; నిజమునకు వాడు నిద్రకు మొగము వాచినవాడు. ఆయనకు చేసిన నిద్రపరీక్షలో గంటకు 30కి మించి శ్వాస ఆటంకములు కనబడినవి. పెద్దవారికి 5 లోపు సాధారణము, 15 వరకు స్వల్పము, 30 వరకు మధ్యమము, ఆపైన తీవ్రము. ఈ వ్యాధిగలవారిలో రక్తపుపోటు తరచుగా కానవచ్చును.

ఆయనకు వైద్యులిచ్చినది సీపాప్ అను యంత్రము. సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు దీనిని రూపొందించి 1981లో ప్రకటించెను. మంచము ప్రక్కనుండి గొట్టము ద్వారా, ముక్కుకు తగిలించిన మాస్కులోనికి ఒత్తిడితో గాలి పంపి, గొంతు మూసికొనకుండ నిలుపును. ఇది ఆక్సిజను సిలిండరు కాదు, గదిలోని గాలియే. ప్రాణము మీదికి వచ్చినవారికి పెట్టునదియు కాదు. మొదటి వారము ఆయన రెండు గంటలకే మాస్కు ఊడదీసెను. నోరు ఎండిపోయెను, ఇరుగుపొరుగు చూతురని సిగ్గుపడెను. సాయంకాలము మేల్కొనియుండగనే అరగంట ధరించి అలవాటు చేసికొనుమని వైద్యుడు చెప్పెను. మాస్కు కొలత మార్చెను. కుదిరినది. వెల తక్కువ కాదు, కరెంటు పోయిన రాత్రి పనిచేయదు, మాస్కును దినదినము కడుగవలెను. మానినచో వ్యాధి మరల వచ్చును. అయినను ఇప్పుడాయన చక్రము ముందు తూగుట లేదు.

యంత్రమొక్కటే దారి కాదు. బరువు తగ్గుట, ప్రక్కకు తిరిగి పడుకొనుట, మద్యమును మానుట అందరికిని మేలు. నిద్రమాత్రలు వైద్యుని అడుగక వేసికొనరాదు. స్వల్ప, మధ్యమ రోగులకు క్రింది దవడను ముందుకు నిలుపు పలుతొడుగు కలదు. కొందరికి శస్త్రచికిత్స తగును. స్థూలకాయులకు టిర్జెపటైడ్ అను సూదిమందును 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ వ్యాధికి అనుమతించినది. ఏది ఎవరికి తగునో పరీక్ష తేల్చవలెను.

తల్లులకు ప్రత్యేకముగా ఒక మాట. మీ గురకను గూర్చి ఇంట ఎవరును వైద్యునితో చెప్పరు, మీరును చెప్పుకొనరు. తెల్లవారి అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవుట ఇంటిపని వలననే యనుకొందురు. నడివయస్సు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువగును. మీ భర్తలను కూడ ఒకరాత్రి మేల్కొని వినుమనుడు.

ఈ ఊరి ఆసుపత్రులలో వైద్యుడు ఒడియాలో అడుగును. మనలో పెద్దలు పలువురు సిగ్గుచే తలయూపి వత్తురు. ఊపిరి ఆగు తీరు మాటలలో చెప్పుట ఏ భాషలోనైనను కష్టమే. బిడ్డ నిద్రించునపుడు దీపము వెలిగించి, రొమ్మును నోరును కనబడునట్లు రెండు నిమిషములు మొబైలు ఫోనులో చిత్రించి తీసికొనిపొండు. ఆ తల్లి చేసినది అదియే. వైద్యుడు చూచిన వెంటనే కాగితము వ్రాసెను. వైద్యుడు సాధారణముగా అడుగు ప్రశ్నలను మా ఒడియా ఉపాధ్యాయుని సాయముతో రెండు భాషలలోను ఒక కాగితముపై అచ్చొత్తించితిమి. అవి కార్యాలయపు బల్లమీద నున్నవి. వెళ్ళునపుడు ఇంటికొకటి తీసికొనిపోవలెను.